చివరి పేజీలో పుట్టిన అత్తమ్మ

మా అత్తమ్మ గొంతు పోయిన కొత్తలో మా ఇంట్లో అందరం కొంచెం సుఖపడ్డాం. ఈ మాట రాయడానికి నాకు మొహమాటమేమీ లేదు. ఆమె మొహం మీదే అన్నాను, ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచి ఊరుకుంది. కింద నల్లా దగ్గర నిలబడి, పై అంతస్తులో పళ్ళు తోముకుంటున్న కొడుకుని తిట్టగల మనిషి ఆమె. ఆ తిట్లు వింటూనే మా ఆయన స్నానం చేసేవాడు, టిఫిన్ చేసేవాడు, చెప్పులేసుకునేవాడు. అవి ఆగిపోయాక కొన్నాళ్ళపాటు రోజూ పనికి ఆలస్యంగా వెళ్ళాడు.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళై సూరత్ వచ్చినప్పుడు సన్నగా మాట్లాడేదట. నమ్మడం కష్టమే. పాండేసరలో ఒక ఖాతాలో కండెలు చుట్టే పనికి కుదిరింది. ఖాతా అంటే ఇక్కడ బ్యాంకుది కాదు, మగ్గాలుండే షెడ్డు. ఆ మోతలో పక్క మనిషికి మాట వినపడాలంటే అరవాలి. ఏళ్ళ తరబడి అరిచి అరిచి మామూలుగా మాట్లాడటం మరిచిపోయింది. తర్వాత పని మానేసింది గాని అరవడం మానలేదు.

ఇంట్లో మా ప్రాణం తీసిన ఆ గొంతే బతుకమ్మ పండక్కి మాత్రం దిక్కు. బమ్రోలీలో మా బిల్డింగుల వెనక ఖాళీ స్థలం ఉంది. ఇక్కడ తంగేడు దొరకదు, గునుగు దొరకదు. మార్కెట్లో గల్గోటా అని అమ్మే బంతిపూలే బస్తాలకొద్దీ తెచ్చి బతుకమ్మలు పేర్చుకుంటాం. సరిగ్గా అప్పుడే నవరాత్రులు. పక్క గల్లీలో గర్బా, దానికి మనిషెత్తు స్పీకర్లు. మామూలు ఆడవాళ్ళ పాట ఆ మోతకు ఆనదు. మా అత్తమ్మ పాట చెప్తే మేము అందుకుని చుట్టూ తిరిగేవాళ్ళం. ఆమె తిరిగేది కాదు. బతుకమ్మల పక్కన, నడిమధ్యలో నిలబడి చెప్పేది. ఆ చోట మరొకరు నిలబడటం నేను వచ్చాక చూడలేదు.

ఆమె చెప్పేది అందరూ పాడే పాట కూడా కాదు. సొంత పాట. పెద్ద పెద్దవాళ్ళు ఆత్మకథలు రాసుకుంటారు చూడండి, ఈమె తనది పాడుకుంది. పుట్టడంతో మొదలు. తర్వాత పెళ్ళి, కాజీపేటలో రైలెక్కడం, బల్లార్షా, వార్ధా, భుసావల్, నందుర్బార్ అన్నీ వరసగా వచ్చి ఇక్కడి ఉధనా స్టేషన్లో దిగడం. తర్వాత ఖాతా, పిల్లలు, వరదొచ్చి ఇంట్లోకి తాపీ నది నీళ్ళు రావడం, సొంతిల్లు. ప్రతి ఏడూ కొంత కలుపుతూ పోయింది.

కాజిపేట దాటె ఉయ్యాలో
కండ్ల నీళ్ళు జారె ఉయ్యాలో

ఇట్లా ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన ఏడాది నన్నూ కలిపింది.

కోడలొచ్చినాది ఉయ్యాలో
కొంగు దోపలేదు ఉయ్యాలో

అంటే పనిదొంగనని. దాన్ని నేను ప్రతి సంవత్సరం అందరితో కలిసి చప్పట్లు కొడుతూ పాడాలి.

పోయిన సంవత్సరం ఎండాకాలంలో ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. భయపడాల్సిన గడ్డ కాదన్నారు, గొంతు మాత్రం ఇక ఇంతే అన్నారు. మిగిలింది గాలి. చెవి దగ్గర పెడితే మాట తెలుస్తుంది, అడుగు దూరం నుంచి తెలియదు. ఇంట్లో మాకు మొదట్లో దొరికిన సుఖం ఎంతోకాలం నిలవలేదు. తిట్టాలనుకున్నప్పుడు ఆమె నోరు తెరిచి, మూసి, గిన్నె తీసి చప్పుడయ్యేలా పెట్టేది. అది చూడలేకపోయేదాన్ని. తిట్టినా బాగుండుననిపించేది.

పండగ దగ్గర పడేసరికి బిల్డింగు ఆడవాళ్ళంతా మా ఇంట్లో చేరారు. ఆడపిల్లలు స్పీకర్ పెట్టి ఫోన్లో పాటలు వేద్దామన్నారు. "మీ నానమ్మ పాట ఫోన్ల యాడుంటదే?" అంది ఒకామె. ఇంకొకామె, "అయితె బుక్కు గొట్టిద్దాం. ఎవల బుక్కు వాళ్ళు వట్టుకొని పాడుకుంటం" అంది. అందరికీ నచ్చింది. అత్తమ్మ నన్ను మోచేత్తో పొడిచి దగ్గరికి వంగమంది.

"బుక్కే పాట జెప్తె ఇగ నేనెందుకు నడిమిట్ల? మూలకు కుర్చీ ఏస్కొని కూసుంట తియ్."

నేను ఆ మాట గట్టిగా చెప్తే అందరూ నవ్వి, "గట్లెట్లంటవ్ పెద్దమ్మా" అన్నారు. ఆమె నవ్వలేదు. పాట పోతుందన్న దిగులు ఆమెకు లేదు. నడిమధ్య చోటు పోతుందన్నదే భయం. నెల్లాళ్ళు దాని గురించే గొణిగింది. గొణగడం ఒక్కటే ఇప్పుడు ఆమెకు బాగా వస్తుంది.

బుక్కు చేసే పని నా నెత్తిన పడింది. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్ళవి గుజరాతీ బడులు. కాబట్టి తెలుగు పాటను గుజరాతీ అక్షరాల్లో కొట్టాలి. నేను ఊళ్ళో ఇంటర్ దాకా తెలుగులోనే చదివి వచ్చాను, ఇక్కడ చీరల వ్యాపారి ఆఫీసులో బిల్లులు కొడుతూ గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నాను. ఆమె నా చెవిలో పాడుతుంటే నేను టైపు చేశాను. చెవి నిండా జర్దా వాసన. కోడలి చరణం వచ్చినప్పుడు "కొంగు దోపుకున్నది" అని మార్చి కొట్టాను. ఆమెకు ఏ అక్షరాలూ రావు. అయినా నా వేళ్ళ కదలిక చూసి అనుమానం వచ్చింది కాబోలు, పక్కింటి పిల్లను పిలిచి చదివించుకుంది. మళ్ళీ పనిదొంగను చేసేదాకా వదల్లేదు.

మా ఆఫీసుకు చీరల కేటలాగులు అచ్చు వేసే భాయ్ ఒకడున్నాడు. అతనికే ఇచ్చాను. ప్రతి మాటకీ "చాల్సే" అంటాడు. అంటే నడిచిపోతుందిలే అని. రంగు కొంచెం తేడా వచ్చింది భాయ్ అంటే చాల్సే. ఫోటోలో మనిషి తల తెగి చీర మాత్రం పడింది భాయ్ అంటే చాల్సే. తెలుగువాళ్ళం చాలు అనే దగ్గర గుజరాతీవాళ్ళు చాల్సే అంటారని నేను చాలాకాలం అనుకున్నాను, అతని పని చూశాక రెండూ ఒకటే అని తేలింది.

కంప్యూటర్లో పేజీలు చూపించినప్పుడు ఒకటే గొడవపడ్డాను. ప్రతి పేజీ అడుగునా ఒక చీర అంచు పెట్టాడు. ఒకదానికి మామిడి పిందెలు, ఒకదానికి చిలకలు, చేపలు, గుడి గోపురాలు, నెమళ్ళు, చివరి దానికి ఏనుగులు. ఏ రెండూ ఒకటి కావు.

"ఇవి పాటలు భాయ్, చీరలు కాదు" అన్నాను.

"కింద ఖాళీగా ఉంటే బాగుండదు బెన్. చాల్సే." బెన్ అంటే అక్క.

పేజీ అంకెలు ఏవని అడిగితే తీసేశానన్నాడు. డిజైన్ నంబర్లనుకున్నాడట. కొంతమంది వ్యాపారులు నంబర్లు వద్దంటారట. మళ్ళీ పెట్టమన్నాను. పెడతానని తలూపాడు. పేజీలు మాత్రం తెర మీద వరసగానే ఉన్నాయి, పుట్టడం నుంచి మనవళ్ళ దాకా. సరేనని వచ్చేశాను.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు సాయంత్రం బుక్కులు వచ్చాయి, చీరల అట్టపెట్టెల్లో. అట్ట మీద బంతిపూల బొమ్మ, నిజంగానే బాగుంది. అంకెలు లేవు. ఆడవాళ్ళం మెట్ల మీద కూర్చుని ఒకసారి పాడి చూద్దామనుకున్నాం. పిల్లలు మొదలుపెట్టారు.

మొదటి పేజీలోనే పెళ్ళైపోయింది. నలుగురు చదివితే ఒక్కరూ ఆగలేదు, ఎందుకంటే ప్రతి వరసా ఉయ్యాలో అనే ముగుస్తుంది. ఎక్కడ తెగినా ఎక్కడ అతికినా ఉయ్యాలో ఉయ్యాలోతో అతుక్కుంటుంది. పేజీ తిప్పితే కాజీపేట, ఇంకోటి తిప్పితే భుసావల్. మధ్యలో బల్లార్షా లేదు, వార్ధా లేదు. తర్వాత ఖాతా, తర్వాత నేను పనిదొంగగా దిగాను. సగం పుస్తకం దాటేసరికి మనవళ్ళు వచ్చారు, అక్కణ్ణుంచి అంతా వెనక్కి. కట్టిన ఇల్లు పోయింది, తాపీ నీళ్ళు వచ్చాయి, రైలు వార్ధా నుంచి బల్లార్షాకు వెనక్కి బయల్దేరింది. ముసలివాళ్ళకు అప్పటికే అర్థమై కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పిల్లలు మాత్రం ఎంతో భక్తిగా పాడుకుంటూ పోయారు. చిట్టచివరి పేజీలో మా అత్తమ్మ పుట్టింది.

ఒకామె నవ్వలేక మెట్టు మీద నుంచి కిందికి జారింది. "పెద్దమ్మా, నువ్వు పుట్టకముందే కోడల్ని దెచ్చుకున్నవ్ గదనే" అంది. నాకూ నవ్వొచ్చింది. అటు తిరిగి చూస్తే అత్తమ్మ బుక్కు ఒళ్ళో పెట్టుకుని దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను వంగి, రేపు పొద్దున్నే సరి చేయిస్తానన్నాను.

"ఎట్లనో గట్ల కానీయ్. నాతోని ఏం పనున్నది?" అంది.

పొద్దున్నే నాకంటే ముందు తయారై ఆటోలో కూర్చున్నదీ ఆమే.

షాపులో భాయ్‌కి నేను వాడేసిన కాగితం ఒకటి మడిచి చూపించాను. ఒక పెద్ద కాగితం మీద పక్కపక్కన రెండు పేజీలు, వెనక రెండు పేజీలు. అట్లాంటి కాగితాల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యకు మడిచి పిన్ను కొడితే బుక్కు. అప్పుడు మొదటి పేజీ పక్కన ఉండాల్సింది రెండోది కాదు, ఆఖరుది. ఇతను కంప్యూటర్లో ఉన్న వరసే ఒకటి పక్కన రెండు, వెనక మూడు పక్కన నాలుగు కొట్టుకుంటూ పోయాడు. మడిచేసరికి రెండో పేజీ ముందుకొచ్చింది, ఒకటోది వెళ్ళి వెనకట్టకు ఆనుకుంది.

అతను కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. మొహంలో బాధ లేదు, ఆశ్చర్యం ఉంది. "నేను కేటలాగులన్నీ ఇట్లాగే కొడతాను బెన్" అన్నాడు. ఇన్నేళ్ళూ ఇట్లాగేనట. ఏ చీర ముందొచ్చినా ఏ చీర వెనకొచ్చినా ఎవరికీ పట్టలేదు, ఎవరూ అడగలేదు.

పిన్నులు పీకి సర్దుదామంటే కుదరదు, తప్పు కాగితానికి రెండు వైపులా ఉంది. మళ్ళీ కొట్టమంటే దీపావళి కేటలాగులతో మిషను ఊపిరి తీసుకోవడం లేదు. దీపావళి తర్వాత ఊరికే కొట్టిస్తానన్నాడు. బతుకమ్మ ఆ సాయంత్రమే. అత్తమ్మ అతని వైపు వేలు చూపించి నోరు తెరిచింది. చాలా పెద్ద తిట్టు అయ్యుండాలి. గాలి తప్ప ఏమీ రాలేదు. అతను వినపడక ముందుకు వంగి, తల్లిని పిలిచినట్టే, "చాల్సే బా, చాల్సే" అన్నాడు.

తిరుగు ఆటోలో నాకు బుక్కు ఇచ్చి, అసలు వరసలో ఏ పేజీ తర్వాత ఏ పేజీయో చదివి చూపించమంది. చదివాను. ఆమె అక్షరాల వైపు చూడలేదు, అడుగున అంచు చూసింది. చీరల ఊళ్ళో బతికిన మనిషికి అంచు గుర్తుంచుకోవడం ఎంతసేపు. ఒకచోట ట్రాఫిక్ మోతలో ఏదో అడిగింది. నాకు వినపడలేదు. మళ్ళీ అడిగింది, వినపడలేదు. అప్పుడు విసుగొచ్చి చెయ్యి ముక్కుకు ఆనించి తొండంలా వేలాడేసింది. నేను ఏనుగుల పేజీ తీశాను. ఆటో అతను అద్దంలో చూసి నవ్వాడు. ఆమె తొండం దించకుండానే అతని వైపు చూసింది, అతను నవ్వడం ఆపేశాడు.

సాయంత్రం బతుకమ్మలు మధ్యలో పెట్టి చుట్టూ నిలబడ్డాం. ఆడపిల్లలు సగంమంది చనియా చోళీల్లో వచ్చారు, ఇది అయిపోగానే గర్బాకు పోవడానికి. అత్తమ్మ అన్నట్టే మూలన కుర్చీ వేసుకుని కూర్చుంది. పాట ఎత్తుకోమని నన్ను ముందుకు తోశారు. నా గొంతు సంగతి నాకు తెలుసు, మా ఇంట్లో మిక్సీ నయం. వెనకట్ట నుంచి మొదలుపెట్టండి, తర్వాత ముందుకు రండి, రెండు పేజీలయ్యాక మళ్ళీ వెనక్కి పొండి అని చెప్పాను. సగంమంది ముందుకు, సగంమంది వెనక్కి పోయారు. ఒక పక్క పెళ్ళి, ఒక పక్క వరద. చేతిలో బుక్కు ఉంటే చప్పట్లు కొట్టడం కుదరదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. పక్క గల్లీ స్పీకర్లు అందుకున్నాయి. ఇద్దరు పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెల్లగా జారుకోబోయారు.

అత్తమ్మ కుర్చీలోంచి లేచింది. చీర కొంగు దోపుకుంది, అది నాకోసమే. మమ్మల్ని తోసుకుంటూ వచ్చి బతుకమ్మల పక్కన నిలబడి, పిడికిలి బిగించి గడ్డం కింద పెట్టి, బొటనవేలు వంచి చూపించింది.

"మామిడిపింద" అన్నారు ఎవరో.

అందరూ అంచులు వెతుక్కున్నారు. మామిడి పిందెల పేజీ వెనకట్ట దగ్గర ఉంది, ఆమె పుట్టిన పేజీ. అందరం కలిసి ఎత్తుకున్నాం. అది అయిపోవచ్చేసరికి ఆమె చూపుడువేలు వంచి ముక్కు మీద పెట్టింది, చిలక. బుక్కులన్నీ ఒక్కసారి మొదటికి తిరిగాయి. చెయ్యి నీళ్ళలోలా ఆడించింది, చేప. రెండు చేతులూ నెత్తిన జోడించింది, గుడి. బుక్కులు మళ్ళీ వెనక్కి. భుసావల్ దగ్గర నెమలి వచ్చింది. దానికి ఆమె వేళ్ళు విప్పి నడుం దగ్గర పెట్టి తిరిగిన తిరుగుడు చూసి జారుకోబోయిన పిల్లలిద్దరూ ఆగిపోయారు. ఆగడమే కాదు, వాళ్ళూ నెమలి తిరిగారు. తర్వాత అందరూ ఆమె ఏది చేస్తే అది చేస్తూ తిరగడం మొదలుపెట్టారు. చప్పట్లు లేని లోటు ఎవరికీ తెలియలేదు. గర్బా స్పీకరు మోగుతూనే ఉంది. నిజం చెప్తున్నాను, మా పాట దాని మీద గెలవలేదు. కాని అక్కడికి ఎవరూ పోలేదు.

చివరికి చెయ్యి ముక్కుకు ఆనించి వేలాడేసింది. ఏనుగుల పేజీ ఎక్కడుందో అప్పటికి అందరికీ తెలుసు, సరిగ్గా నడిమధ్యలో, పిన్నుల పక్కన. నాకు ఏడుపొచ్చింది. పాడుతూ ఏడిస్తే నా గొంతు మామూలుకంటే పెద్ద తేడా ఏమీ రాదు కాబట్టి ఎవరూ గమనించలేదు.

భాయ్ మాట తప్పలేదు. ఈ ఏడాది నవరాత్రులకు చాలా ముందే తనే ఒక పెట్టె మోసుకొచ్చాడు. పేజీలన్నీ వరసగా, కింద అంకెలు, అంచులు కూడా అట్లాగే ఉంచాడు. కేటలాగులు కూడా ఇప్పుడు వరసగా కొడుతున్నాడట. అత్తమ్మ అతనికి చాయ్ ఇచ్చింది. అతను వెళ్ళగానే పెట్టెను మంచం కిందికి కాలితో తోసి, మంచం మీద కూర్చుంది.

"అత్తమ్మా, అవి మంచిగున్నయి. అందరికి సులువైతది" అన్నాను.

దగ్గరికి రమ్మంది. వెళ్ళి చెవి పెట్టాను.

"అండ్ల ఏ పేజి ఎనక ఏ పేజి అస్తదో అందరికి ఎరుకైతది. ఎవలన్న నా దిక్కు సూస్తరా?"

పెట్టె అక్కడే ఉంది, దాని మీద దుప్పట్లు సర్దాను. పండగ రోజు అందరికీ పోయినేటి పాత బుక్కులే పంచాను, అట్టలు నలిగి, బంతిపూల మీద పసుపు మరకలతో. పక్కింటి పిల్ల తన బుక్కులో పెన్నుతో అంకెలు వేసుకుని వచ్చింది, తెలివైన పిల్ల. అత్తమ్మ అది చూసి లాక్కుని జాకెట్లో దోపుకుని, ఆ పిల్లకు వేరేది ఇచ్చింది. తర్వాత నడిమధ్యకు వెళ్ళి నిలబడింది.

ఆమె చెయ్యి లేచేదాకా ఎవరూ పేజీ తిప్పలేదు.